మార్కులు ఎక్కడ పుడతాయి?

పక్కనే ఐఐటీ ఉన్నంత మాత్రాన చదువు అబ్బదు. ఇల్లు, భాష, బడి, ఆశ - ఈ నాలుగూ కలిస్తేనే మార్కులని ఖరగ్‌పూర్ తెలుగు బస్తీలు గుర్తుచేస్తున్నాయి.

హౌరాలో దక్షిణాది రైలెక్కితే దాదాపు రెండు గంటల్లో ఖరగ్‌పూర్ వస్తుంది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పాఠ్యపుస్తకాలు చెప్పిన 1,072 మీటర్ల ప్లాట్‌ఫాం ఆ స్టేషన్‌దే. ఆ ఘనతను 2013లో గోరఖ్‌పూర్, ఆపైన 2023లో హుబ్బళ్ళి దక్కించుకున్నాయి. కానీ ఆ ప్లాట్‌ఫాం మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిస్తే చెవిన పడే భాషలు మాత్రం తగ్గలేదు. బెంగాలీ, హిందీ, ఒడియా, వాటి మధ్య అచ్చమైన శ్రీకాకుళం యాసలో తెలుగు.

స్టేషన్‌ను ఆనుకుని రైల్వే వర్క్‌షాపు, సిబ్బంది క్వార్టర్లు, వాటి చుట్టూ బస్తీలు. కొద్ది కిలోమీటర్ల దూరంలో హిజ్లీ. బ్రిటిష్ వారు రాజకీయ ఖైదీలను నిర్బంధించిన భవనంలో 1951లో దేశంలోని తొలి ఐఐటీ అక్కడే మొదలైంది. హైదరాబాద్, విజయవాడ కోచింగ్ సెంటర్లలో రాటుదేలిన తెలుగు కుర్రాళ్ళు ఏటా సూట్‌కేసులతో ఆ ఊళ్ళో దిగుతారు. నిమ్‌పురా, మథురాకాఠి లాంటి పేటల్లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలకు మాత్రం ఆ గేటు ఎంత దగ్గరో ఆ ప్రవేశ పరీక్ష అంత దూరం. దీపం కింద చీకటి అన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇద్దరి మాతృభాషా ఒకటే. చాలామంది తాతల ఊళ్ళు కూడా ఒకే మూడు నాలుగు జిల్లాల్లోవి. మరి తేడా ఎక్కడ వస్తోంది? బుర్రలోనా, ఇంట్లోనా, బడిలోనా? విద్యారంగ పరిశోధకులు ఆరు దశాబ్దాలుగా తలలు పట్టుకుంటున్న ప్రశ్న ఇది. ఖరగ్‌పూర్ లాంటి రైల్వే పట్టణంలో దానికి జవాబు వెతకడం ఒకరకంగా సులువు. ఎందుకంటే చదువును ముందుకు తోసే శక్తులూ, వెనక్కి లాగే శక్తులూ అన్నీ ఒకే ఊళ్ళో, సైకిలు మీద తిరగగలిగేంత దూరంలో కనిపిస్తాయి.

పట్టాల వెంట వచ్చినవారు

1900 ప్రాంతంలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా మలిచి, ఆ వెంటనే భారీ వర్క్‌షాపును నిర్మించినప్పుడు పనిమంతుల అవసరం పడింది. ఆ కంపెనీ రైళ్ళు తూర్పు తీరం వెంట వాల్తేరు దాకా నడిచేవి. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల్లోని కరువు పల్లెల నుంచి కూలీలు, ఫిట్టర్లు, కమ్మరులు, ఖలాసీలు పట్టాల వెంటే పైకి వచ్చారు. 1927లో ఈ వర్క్‌షాపు కార్మికులు చేసిన సమ్మె దేశ కార్మికోద్యమ చరిత్రలో నిలిచిపోయింది. ఆ కార్మికుల నాయకుల్లో ఒకరైన వరాహగిరి వెంకటగిరి తర్వాత 1969లో రాష్ట్రపతి అయ్యారు.

పనితోపాటు వారు భాషనూ, గ్రామదేవతలనూ, బడినీ తెచ్చుకున్నారు. మాత పూజల వేళ ఊరి వీధులు ఉత్తరాంధ్రను తలపిస్తాయి. ఆంధ్రా హైస్కూలు, తెలుగు విద్యాపీఠం లాంటి పేర్లు పరాయి రాష్ట్రంలో తెలుగు చదువు కోసం జరిగిన ప్రయత్నానికి గుర్తులు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అది. అయితే ఆఫీసు బోర్డు మీద తెలుగు కనిపించడం వేరు, మూడో తరగతి పిల్లవాడు తెలుగులో ఒక పేజీ తడబడకుండా చదవడం వేరు. మొదటిది ఉత్తర్వుతో వస్తుంది. రెండోది రాదు.

ఇల్లు పెద్దదా, బడి పెద్దదా?

అమెరికాలో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ 1966లో ఇచ్చిన నివేదిక ఈ చర్చకు నాంది. ఆరు లక్షల మందికి పైగా విద్యార్థులను పరీక్షించి ఆయన బృందం తేల్చిన విషయం ప్రభుత్వాలకు మింగుడుపడలేదు. బడి భవనం, లైబ్రరీ, ఖర్చు కంటే పిల్లవాడి ఇంటి నేపథ్యమే మార్కుల తేడాలను ఎక్కువగా వివరిస్తోందన్నది దాని సారాంశం. అప్పటి నుంచి 'బడి ఏం చేయగలదు, అంతా ఇంట్లోనే ఉంది' అనడం ఫ్యాషనైపోయింది.

కానీ 1983లో స్టీఫెన్ హైనమన్, విలియం లాక్స్‌లీ 29 దేశాల సమాచారాన్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు చిత్రం మారింది. దేశం ఎంత పేదదైతే అక్కడ పిల్లల చదువు మీద బడి, ఉపాధ్యాయుడి ప్రభావం అంత ఎక్కువని వారు గమనించారు. కారణం ఊహించలేనిదేమీ కాదు. ఇంట్లో పుస్తకం లేని చోట, తల్లిదండ్రులు చదివించలేని చోట, పిల్లవాడికి అక్షరం దొరికేది బడిలో మాత్రమే. ఆ బడి కూడా చెయ్యిస్తే అతనికి మరో దారి లేదు.

ఖరగ్‌పూర్‌లో ఈ రెండు వాదనలూ ఒకే వీధిలో రుజువవుతాయి. పర్మనెంట్ రైల్వే ఉద్యోగి ఇంటిని చూడండి. నెల తిరిగేసరికి జీతం, ఉండటానికి క్వార్టరు, జబ్బు చేస్తే రైల్వే ఆసుపత్రి. ఏడో వేతన సంఘం సిఫారసుల తర్వాత కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులందరిలాగే ఇద్దరు పిల్లల వరకు ఒక్కొక్కరికి నెలకు 2,250 రూపాయల విద్యా భత్యం వచ్చింది. కరువు భత్యం 50 శాతానికి చేరడంతో 2024లో అది 2,812 రూపాయల 50 పైసలకు పెరిగింది. అదే పట్టాల మీద, అదే ఎండలో, కాంట్రాక్టరు కింద పనిచేసే కూలీకి వీటిలో ఏదీ లేదు. ఇద్దరి తాతలూ ఒకే రైల్లో వచ్చి ఉండవచ్చు. మనవలకు మాత్రం చదువు వేర్వేరు బోగీల్లో సాగుతోంది.

జీతం ఒక్కటే కాదు, వేళలు కూడా లెక్కలోకి వస్తాయి. లోకో పైలట్, గార్డు, ట్రాక్ మెయింటెయినర్ - వీరెవరికీ ఉద్యోగం పదింటికి మొదలై అయిదింటికి ముగియదు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోవాలి. ఒకటి రెండు గదుల ఇంట్లో ఆయన నిద్రపోతుంటే పిల్లవాడు గట్టిగా చదవకూడదు. ఆయన మేలుకుని ఉన్న వేళకు పిల్లవాడు బడిలో ఉంటాడు. కాబట్టి చదువు భారమంతా తల్లి మీద పడుతుంది. ఆమె ఏ భాషలో, ఎంతవరకు చదువుకుందన్నదే ఇక కీలకం. తల్లి చదువుకీ పిల్లల చదువుకీ ఉన్న బంధాన్ని ప్రపంచవ్యాప్తంగా అధ్యయనాలు మళ్ళీ మళ్ళీ చూపించాయి. తేడా ఏమిటంటే, సగం బంధువులు పలాస, టెక్కలి, బొబ్బిలి వైపు ఉండే ఈ కుటుంబాల్లో తెలుగులో చదువుకున్న తల్లి తన పిల్లవాడి బెంగాలీ లేదా ఇంగ్లిష్ హోంవర్కు ముందు నిరక్షరాస్యురాలితో సమానం.

ఒంటి ఆరోగ్యం సంగతి దీని వెనుకే వస్తుంది. దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఇద్దరికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మధ్యాహ్నం వండిన అన్నం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించిన తర్వాతే చాలా రాష్ట్రాల బడుల్లో ఆకలి కొంత తీరింది. అయితే ఈ భోజనం ఎనిమిదో తరగతి వరకే. చదువు అసలు బరువెక్కేది తొమ్మిదిలో. నల్లబల్ల మీద అక్షరాలు మసకగా కనిపిస్తున్నా చెప్పుకోలేని పిల్లవాడికి 'మొద్దు' అన్న పేరు పడిపోవడం ఏ ఊరి బడిలోనైనా చూడవచ్చు. ఒక కళ్ళజోడు ఒక ఏడాది ట్యూషన్ కంటే ఎక్కువ మేలు చేసే సందర్భాలున్నాయి.

నాలుగు భాషల నడుమ

ఖరగ్‌పూర్ తెలుగు పిల్లవాడి దినచర్యలో నాలుగు భాషలుంటాయి. ఇంట్లో తెలుగు. గోల్‌బజార్‌లో, ఆటస్థలంలో హిందీ. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలో, బస్సులో బెంగాలీ. ఉద్యోగ ప్రకటనలో ఇంగ్లిష్. చుట్టపుచూపుగా వచ్చినవారికి ఈ పిల్లలు అసాధ్యులనిపిస్తారు. నాలుగు భాషల్లో గడగడా మాట్లాడతారు మరి. చిక్కు ఏమిటంటే పరీక్ష పేపరు మాట్లాడమని అడగదు, రాయమంటుంది.

కెనడా భాషావేత్త జిమ్ కమిన్స్ 1979లో చెప్పిన తేడా ఇక్కడ పనికివస్తుంది. ఆటపాటల భాష పిల్లలకు ఒకటి రెండేళ్ళలో వస్తుంది. పాఠం అర్థం చేసుకుని, కారణం చెప్పి, వాక్యం నిర్మించగలిగే చదువు భాషకు అయిదు నుంచి ఏడేళ్ళు పట్టవచ్చు. ఒక భాషలో ఆ పునాది గట్టిపడితే అది రెండో భాషలోకి తేలిగ్గా బదిలీ అవుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న మాట భాషల విషయంలో అక్షరాలా నిజం. ఏ ఒక్క భాషలోనూ పునాది పడని పిల్లవాడే అసలు నష్టపోతాడు. అతనికి నాలుగు భాషలూ వచ్చు, చదవడం మాత్రం రాదు.

రాజ్యాంగం ఈ ప్రమాదాన్ని ముందే ఊహించింది. భాషా ప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడిన 1956లోనే ఏడో సవరణ ద్వారా 350-ఏ అధికరణం వచ్చింది. భాషాపరంగా మైనారిటీలైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రం కృషిచేయాలని అది చెబుతోంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా వీలైన చోట కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలంటోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో ఒక మంచి పని చేసింది. 2004లో సవర, కోయ, గోండి, కొలామి తదితర ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు ప్రాథమిక పుస్తకాలు తయారుచేయించి, తెలుగులోకి నెమ్మదిగా తీసుకువచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. శ్రీకాకుళం ఏజెన్సీలో సవర పిల్లవాడికి తెలుగు ఎలా పరాయిదో, ఖరగ్‌పూర్‌లో శ్రీకాకుళం పిల్లవాడికి బెంగాలీ అలా పరాయిది. పరిష్కారం కూడా అదే: ఇంటి భాషతో మొదలుపెట్టడం, వంతెన వేయడం, తర్వాత దాటించడం.

మరి తల్లిదండ్రులు తెలుగు బడినే ఎందుకు ఎంచుకోరు? వారిని తప్పుపట్టడం తేలిక, వారి లెక్కను కాదనడం కష్టం. తెలుగు మీడియంలో పదో, పన్నెండో పూర్తిచేసిన పిల్లవాడికి ఆ రాష్ట్రంలో ఆపై చదువు బెంగాలీలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటుంది. సిలబస్ బెంగాల్ బోర్డుది కాబట్టి ఆంధ్ర నుంచి తెచ్చిన పుస్తకాలు చరిత్ర, భూగోళాలకు పనికిరావు. తెలుగులో పాఠం చెప్పగల లెక్కల మాస్టారు పదవీ విరమణ చేస్తే ఆ చోటును నింపడం బెంగాలీ బడిలో నింపినంత సులభం కాదు. దాంతో కాస్త స్తోమత ఉన్నవారు కేంద్రీయ విద్యాలయానికో, ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడికో వెళతారు. మిగిలినవారు హిందీ లేదా బెంగాలీ బడికి. తెలుగు బడిలో చివరకు మిగిలేది ఎంచుకుని వచ్చినవారు కాదు, ఎంచుకోలేనివారు. తోటి విద్యార్థుల స్థాయి కూడా మార్కుల మీద ప్రభావం చూపుతుందన్నది కోల్‌మన్ కనుగొన్న మరో సంగతి. ఆ లెక్కన బలమైన కుటుంబాలు ఒక్కొక్కటిగా వెళ్ళిపోతున్న బడి, మిగిలినవారికి మరింత బలహీనమవుతుంది.

పశ్చిమ బెంగాల్ స్వయంగా ఈ భాషా మథనంలో చేతులు కాల్చుకుంది. వామపక్ష ప్రభుత్వం 1980ల ఆరంభంలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల నుంచి ఇంగ్లిష్‌ను తొలగించింది. మాతృభాషలో పునాది అన్న ఉద్దేశం మంచిదే. కానీ స్తోమత ఉన్నవారు ప్రైవేటు బడులకు వలసపోయారు. రెండు దశాబ్దాల వాదోపవాదాల తర్వాత 2004 నాటికి ఒకటో తరగతికే ఇంగ్లిష్ తిరిగి వచ్చింది. మాతృభాష కావాలి, ఇంగ్లిష్ కూడా కావాలి; ఒకదాన్ని చూపించి మరొకదాన్ని లాక్కుంటే ప్రజలు ఒప్పుకోరన్నదే ఆ అనుభవం నేర్పింది.

మాస్టారు ఉన్నారా, చెబుతున్నారా?

బడి ప్రభావం అన్నప్పుడు అందులో సింహభాగం ఉపాధ్యాయుడిదే. 2003లో దేశవ్యాప్తంగా ముందస్తు సమాచారం లేకుండా జరిపిన తనిఖీల్లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల టీచర్లలో 25 శాతం మంది ఆ రోజు బడిలో లేరు. ఉన్నవారిలోనూ అందరూ పాఠం చెబుతూ కనిపించలేదు. కాబట్టి ఎంతమంది టీచర్లున్నారన్నది మొదటి ప్రశ్న మాత్రమే. క్లాసులో ఏం జరుగుతోందన్నది రెండోది, ముఖ్యమైనది.

దీనికి మంచి ఆధారం తెలుగు నేల మీదే దొరికింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ బడుల్లో వరుసగా కొన్ని ప్రయోగాలు చేశారు. పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు చిన్న బోనస్ ఇచ్చిన బడుల్లో రెండేళ్ళకు లెక్కలు, భాష రెండూ మెరుగుపడ్డాయి. విశేషమేమిటంటే టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజున వారు చెప్పే తీరు మారింది. అదనపు క్లాసులు, హోంవర్కు, ప్రాక్టీసు పరీక్షలు పెరిగాయి. మరో ప్రయోగంలో లాటరీ ద్వారా ప్రైవేటు బడికి వెళ్ళే అవకాశం దక్కిన పిల్లలు నాలుగేళ్ళ తర్వాత తెలుగులో, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలను మించలేదు. హిందీలో మాత్రం ముందున్నారు. కారణం, ప్రైవేటు బడి హిందీకి సమయం కేటాయించింది. చెప్పినదే వస్తుంది, చెప్పనిది రాదు. ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు లోపే అన్నది ప్రభుత్వాలు ఆలోచించాల్సిన మరో సంగతి.

టీచరు పిల్లవాడి గురించి ఏమనుకుంటున్నాడన్నది కూడా మార్కుల్లో తేలుతుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలతో చిక్కుదారుల పజిళ్ళు చేయించారు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రవర్ణాల, దళిత పిల్లల మధ్య తేడా కనిపించలేదు. అందరి ముందూ కులం పేరుతో పిలిచినప్పుడు దళిత పిల్లలు వెనుకబడ్డారు. తెలివి నిమిషంలో తగ్గిపోలేదు, ధైర్యం తగ్గింది. రైల్వే పట్టణాల్లో కులానికి తోడు మరో ముద్ర ఉంటుంది: బస్తీ పిల్లవాడు, కూలీ కొడుకు, బెంగాలీ సరిగా రానివాడు. ఆ పిలుపును రోజూ వింటూ పెరిగే పిల్లవాడి మీద దాని ప్రభావం ఏ ప్రోగ్రెస్ రిపోర్టులోనూ కనిపించదు.

వీటికి తోడు నియామకాల గందరగోళం. అక్రమాలు జరిగాయన్న కారణంతో పశ్చిమ బెంగాల్ పాఠశాలల్లో 2016 నాటి ఎంపికలకు చెందిన 25,753 బోధన, బోధనేతర ఉద్యోగాలను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు రద్దు చేసింది. తప్పు చేసినవారు ఎవరైనా కావచ్చు. బోర్డు పరీక్షకు సిద్ధమవుతున్న పిల్లవాడికి మాత్రం తెలిసింది ఒక్కటే - నిన్నటిదాకా పాఠం చెప్పిన మాస్టారు రేపు వస్తారో రారో.

బడి అయ్యాక అసలు బడి

బడిలో జరగని చదువు ఎక్కడో జరగాలి. బెంగాల్‌లో అది ట్యూషన్‌లో జరుగుతుంది. అమర్త్యసేన్ నోబెల్ సొమ్ముతో ఏర్పాటుచేసిన ప్రతీచి ట్రస్టు 2002లో రాష్ట్రంలోని ప్రాథమిక విద్యపై ఇచ్చిన నివేదికలో ట్యూషన్‌కు వెళ్ళే పిల్లలకూ వెళ్ళనివారికీ మధ్య ఉన్న అగాధాన్ని చూపింది. మూడు, నాలుగు తరగతుల్లో ఉండి, ట్యూషన్ లేని పిల్లల్లో అత్యధికులు తమ పేరు కూడా రాయలేకపోయారు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా పరిస్థితి మారలేదు. 2022 అసర్ సర్వే ప్రకారం బెంగాల్ గ్రామీణ ప్రాంతాల్లో బడి పిల్లల్లో సుమారు 74 శాతం మంది డబ్బిచ్చి ట్యూషన్ చెప్పించుకుంటున్నారు. దేశ సగటు 30 శాతమే.

ట్యూషన్ అలవాటైన సమాజంలో బడి నెమ్మదిగా హాజరు వేయించుకునే చోటుగా మారిపోతుంది. ఉచిత విద్య అన్న మాట కాగితం మీద ఉంటుంది, అసలు ఫీజు సాయంత్రం కట్టాల్సి వస్తుంది. విద్యా భత్యం అందుకునే ఉద్యోగి ఆ ఫీజు కడతాడు. దినకూలీ కట్టలేడు. పైగా తెలుగు మీడియం పిల్లవాడికి బెంగాల్ సిలబస్‌ను తెలుగులో చెప్పే ట్యూషన్ మాస్టారు ఎన్ని వీధులు తిరిగితే దొరుకుతాడు?

డబ్బు పంపితే చాలనుకునే ప్రభుత్వాలకు కూడా ఒక హెచ్చరిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనే జరిపిన మరో ప్రయోగంలో బడులకు హఠాత్తుగా గ్రాంటు ఇచ్చిన ఏడాది మార్కులు పెరిగాయి. గ్రాంటు వస్తుందని ముందే తెలిసిన రెండో ఏడాది తల్లిదండ్రులు ఆ మేరకు తమ ఖర్చు తగ్గించుకున్నారు, ఫలితం ఆవిరైపోయింది. నోటుపుస్తకాలు ఎవరు కొన్నా పిల్లవాడి దగ్గరుండేవి అన్నే. అతనికి నిజంగా లేనిది, ఇంటివాళ్ళు కొనలేనిది, శ్రద్ధగా చెప్పే మనిషి.

నాన్న ఉద్యోగం నీడలో

ఇంతవరకు చెప్పుకున్నవి చాలా ఊళ్ళకు వర్తిస్తాయి. రైల్వే పట్టణానికి మాత్రమే చెందిన కారణం మరొకటుంది. ఇక్కడ తరాలపాటు చదువు లక్ష్యం చదువు కాదు, రైల్వే. 'ఎలాగోలా పది గట్టెక్కితే చాలు, రైల్వేలో పడతాడు' అన్నది నిన్నమొన్నటి దాకా తండ్రుల ధీమా. అందులో తప్పేమీ లేదు. తాత ఖలాసీ, తండ్రి ఫిట్టర్, కొడుకు టెక్నీషియన్ - ఆ వరస నిజంగానే నడిచింది. భద్రతా విభాగాల సిబ్బంది ముందుగా పదవీ విరమణ చేస్తే వారి పిల్లలకు ఉద్యోగమిచ్చే పథకాన్ని రైల్వే 2004లో అధికారికంగా కూడా ప్రవేశపెట్టింది. అది సమానావకాశాలకు విరుద్ధమని హైకోర్టు ప్రశ్నించడంతో 2017 అక్టోబరులో దాన్ని నిలిపివేసి, 2018లో రద్దు చేసింది.

ఇప్పుడు అదే కిందిస్థాయి ఉద్యోగానికి దేశమంతటి నుంచి డిగ్రీ, బీటెక్ చదివినవారు పోటీపడుతున్నారు. కనీస అర్హత పదో తరగతే. గెలవడానికి కావలసిన అర్హత మాత్రం అది కాదు. పాత ధీమా పోయింది, కొత్త పట్టుదల ఇంకా రాలేదు. ఆ మధ్యకాలంలో చిక్కుకున్నవారు పద్నాలుగు, పదిహేనేళ్ళ అబ్బాయిలు. బెంగాల్ మాధ్యమిక పరీక్షకు కొన్నేళ్ళుగా అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువగా హాజరవుతున్నారు. పెళ్ళి కాకుండా చదువు కొనసాగించే అమ్మాయిలకు సాయమందించే కన్యాశ్రీ పథకం 2013 నుంచి నడుస్తోంది. అబ్బాయిని పనిలోకి లాగే కూలి మాత్రం ఏ పథకానికీ లొంగలేదు.

ఆశకీ మార్కులకీ ఉన్న సంబంధం ఊహ కాదు. తన భవిష్యత్తు తన చేతుల్లో ఉందని నమ్మే పిల్లవాడు బాగా చదువుతాడన్నది కోల్‌మన్ నివేదికలోనే ఉంది. పేద నల్లజాతి పిల్లల విషయంలో ఆ నమ్మకం బడి సౌకర్యాలన్నింటి కంటే బలంగా పనిచేసిందని ఆయన రాశారు. డొమినికన్ రిపబ్లిక్‌లో రాబర్ట్ జెన్సన్ ఎనిమిదో తరగతి అబ్బాయిలకు సెకండరీ చదువు పూర్తిచేసినవారి అసలు జీతాలెంతో లెక్కలు చూపించాడు. వారు అంతకుముందు దాన్ని బాగా తక్కువగా ఊహించుకున్నారు. ఆ ఒక్క సమాచారంతోనే కొందరు మరికొంత కాలం బడిలో నిలిచారు. రైల్వే తప్ప మరో దారి కనిపించని వీధిలో ఆ దారుల గురించి చెప్పేవారు ఉండటం కూడా చదువులో భాగమే.

దగ్గరి ఉదాహరణ ఒకటుంది. రిజర్వ్ బ్యాంక్ మాజీ గవర్నర్ దువ్వూరి సుబ్బారావు 1960లలో ఫిజిక్స్ చదివింది ఖరగ్‌పూర్ ఐఐటీలోనే. అంతకుముందు ఆయన చదివింది విజయనగరం పక్కనున్న కోరుకొండ సైనిక్ స్కూల్లో. ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు కార్మికులను పంపిన జిల్లాలోనిదే ఆ బడి. వ్యక్తి ప్రతిభను ఎవరూ కాదనరు. కానీ ఆ ప్రతిభకు ఒక సర్కారీ బడి వేళకు అన్నం, వేళకు చదువు, పైకి చూడమనే గురువులను ఇచ్చింది. అవే మూడూ నిమ్‌పురా పిల్లవాడికి దొరికితే అతను ఎంత దూరం వెళ్ళగలడో ఇంతవరకు ఎవరూ పరీక్షించి చూడలేదు.

ఏది పనిచేస్తుంది?

మేలు చేసేవి ఏవో తెలియక కాదు ఈ పరిస్థితి. 2001-03 మధ్య ముంబై, వడోదరల్లో ప్రథమ్ సంస్థ నడిపిన బాలసఖి కార్యక్రమాన్ని అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు అధ్యయనం చేశారు. అదే బస్తీకి చెందిన యువతులు వెనుకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు పక్కకు తీసుకెళ్ళి, తరగతి పుస్తకాన్ని పక్కనపెట్టి, వారికి రానిచోట నుంచి నేర్పారు. చవకైన ఈ పద్ధతి మార్కులను స్పష్టంగా పెంచింది. బెనర్జీ, డుఫ్లోలకు మైకేల్ క్రెమర్‌తో పాటు 2019లో నోబెల్ తెచ్చిన కృషిలో ఇదీ ఒక భాగం. దేశంలో అయిదో తరగతి గ్రామీణ విద్యార్థుల్లో సగం మందికి ఇప్పటికీ రెండో తరగతి పాఠం చదవడం రాదని 2024 అసర్ నివేదిక చెబుతున్న వేళ, ఈ పద్ధతిని పక్కనపెట్టడానికి సాకు దొరకదు.

ఖరగ్‌పూర్‌కు ఇది అతికినట్టు సరిపోతుంది. ఊళ్ళో డిగ్రీ చదివి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న తెలుగు అమ్మాయిలున్నారు. సాయంత్రం ఖాళీగా ఉండే సంఘ భవనాలున్నాయి. ఉత్సవాలకు చందాలు పోగుచేయగలిగే సత్తా ఉంది. నాలుగు మైళ్ళ లోపే లెక్కలు, సైన్సు చెప్పగల వేలమంది ఐఐటీ విద్యార్థులున్నారు. వారిలో తెలుగు వచ్చినవారికీ కొదవ లేదు. రెండు, మూడు తరగతుల పిల్లలకు తెలుగులో చదవడం గట్టిగా వచ్చేదాకా రోజుకు గంట, ఆపైన బెంగాలీ, ఇంగ్లిష్ రాతకు మరో గంట. తొమ్మిదో తరగతి వారికి ఉద్యోగాల గురించి, కోర్సుల గురించి తెలిసినవారితో నెలకోసారి ముచ్చట. ఇవేవీ కోట్ల వ్యవహారాలు కావు.

ప్రభుత్వం చేయాల్సినది వేరే ఉంది. అధికార భాష హోదా ఇచ్చిన రాష్ట్రం ఆ భాషలో టీచర్లను నియమించాలి, తన సిలబస్‌కు తగిన పుస్తకాలను వేళకు అందించాలి. తెలుగు రాష్ట్రాలు ప్రవాసాంధ్రుల గురించి మాట్లాడేటప్పుడు అమెరికాతో పాటు హౌరా రైలు దారిని కూడా గుర్తుపెట్టుకోవాలి. టీచర్ల శిక్షణకు, పుస్తకాల అనువాదానికి వారు సాయపడగలరు.

ఏటా వేసవిలో ఫలితాలు వచ్చినప్పుడు పేపర్లలో ర్యాంకర్ల ఫోటోలు వస్తాయి, ఫెయిలైనవారి ఇళ్ళలో తిట్లు వినిపిస్తాయి. ఆ రెండు సందర్భాల్లోనూ మెచ్చుకునేదీ తిట్టేదీ పిల్లవాడినే. నిజానికి అతని మార్కుల పట్టికలో తండ్రి డ్యూటీ వేళలు, తల్లికి వచ్చిన భాష, మూడో తరగతి మాస్టారి ఓపిక, ట్యూషన్ ఫీజు, వీధి చివర కనిపించిన భవిష్యత్తు - అన్నింటి మార్కులూ కలిసి ఉంటాయి. పిల్లవాడిని నిలదీసే ముందు పెద్దలు తమకు వచ్చిన మార్కులు ఎన్నో ఒకసారి చూసుకోవడం న్యాయం.